నాన్నగారికి ఎండ పొడ సోకితే చాలు, మెడ, చేతులు మండిపోతున్నాయి

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
మా నాన్నగారికి 66 ఏళ్లు, పొలం పనులు ఇప్పటికీ ఆయనే చూసుకుంటారు. రెండేళ్లుగా ముఖం, మెడ వెనుక భాగం, ముంజేతులు ఎర్రబడి, విపరీతంగా దురద పెట్టి, చర్మం తోలులా దళసరెక్కింది. చొక్కా కాలరు దగ్గర గీత గీసినట్టు ఆ ఎరుపు ఆగిపోతుంది. తామర అని ఒక వైద్యుడు ఇచ్చిన పూతమందు రాసినన్నాళ్లూ తగ్గి, మానగానే తిరగబెడుతోంది. మూసిన కిటికీ పక్కన కూర్చున్నా మంటే అంటున్నారు. పొలానికి వెళ్లడం మానిపించాలా?

జవాబు (గుణుపురం నుంచి):
అయ్యా, నాకు 61వ ఏట ఇలాగే మొదలైంది. బరంపురంలో చూపించుకుంటే క్రానిక్ యాక్టినిక్ డెర్మటైటిస్, అంటే ఎండ పడక చర్మం దీర్ఘకాలం ఎర్రబడి దురద పెట్టే జబ్బు అన్నారు. యాభై దాటిన మగవారిలో, అందులోనూ ఆరుబయట పని చేసేవారిలో ఇది ఎక్కువట. వైద్యులు ముందుగా అడిగింది ఎండ గురించి కాదు, మా గట్ల మీద వయ్యారిభామ (పార్థీనియం) కలుపు మొక్క ఉందా అని. ఆ మొక్క పుప్పొడి, ఎండిన ఆకుల పొడి గాలిలో వచ్చి చర్మానికి పడక మొదలైన దురద, కొందరిలో క్రమంగా ఎండనే ఓర్చుకోలేని స్థితికి తెస్తుందని వివరించారు. వీపు మీద పట్టీలు అంటించి, రెండు రోజుల తర్వాత తీసి చూసే ప్యాచ్ పరీక్షలో నాకు అదే తేలింది. చామంతి కూడా ఆ కుటుంబానిదే కనుక, పూజకు దండలు కట్టడం మానుకున్నాను. గట్ల మీది మొక్కలను పూత రాకముందే, చేతులకు తొడుగులు వేయించి, కూలీల చేత పీకించండి. నాన్నగారిని మాత్రం దగ్గరకు రానివ్వకండి.

జవాబు (బరంపురం నుంచి, విశ్రాంత ఫార్మసిస్టు):
కిటికీ అద్దం అతినీలలోహిత కిరణాల్లో యూవీబీని ఆపుతుంది కానీ యూవీఏను చాలావరకు లోపలికి వదిలేస్తుంది, కాబట్టి నాన్నగారి మాట నిజమే. ఆయన వేసుకునే మాత్రలన్నీ వైద్యుడికి చూపించండి, ఎందుకంటే రక్తపోటుకు వాడే హైడ్రోక్లోరోథయాజైడ్ వంటివి కూడా చర్మాన్ని ఎండకు సున్నితం చేస్తాయి. అయితే మీ అంతట మీరు దేన్నీ ఆపకండి. స్టెరాయిడ్ పూతను ముఖానికి నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, ఇది నేను దుకాణంలో ఎన్నోసార్లు చూసి బాధపడిన విషయం. వ్యాధి ముదిరితే రోగనిరోధక శక్తిని అణచి ఉంచే అజథయోప్రిన్ అనే మందు ఇస్తారు. అది వాడినంతకాలం రక్తపరీక్షలు తప్పనిసరి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న గట్టు మీదికి వెళ్లి చూస్తే, నాన్నగారు రోజూ కూర్చునే బోరు షెడ్డు చుట్టూ మోకాలెత్తున వయ్యారిభామ తెల్లగా పూసి ఉంది. సోమవారం ఆయన మాత్రల డబ్బా కూడా పట్టుకుని బరంపురం బయలుదేరుతున్నాము.