రెండడుగుల ట్యాంకుకు వెయ్యి లీటర్ల ఫిల్టర్ ఎక్కువా?

గప్పీ_నల్గొండ:
అన్నలూ, ఒక సలహా కావాలి. ఇంట్లో రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకు ఉంది. రెండు గోల్డ్‌ఫిష్, ఆరు గప్పీలు, ఒక ఫైటర్. నీళ్లు వారం వారం బియ్యం కడిగినట్టు తెల్లగా అవుతున్నాయి, పాత ఫిల్టర్‌కు బలం చాలట్లేదేమోనని హైదరాబాద్ పోయినప్పుడు గంటకు 1000 లీటర్లు తిప్పేది తెచ్చిన. ఆ రోజు నుంచి ఫైటర్ రెక్కలు ముడుచుకుని మూలన మొక్క వెనక నక్కుతోంది, గప్పీలు ఎదురీది ఎదురీది అలసిపోతున్నాయి, వేసిన మేత నోటికందేలోపే గిర్రున తిరిగి ఫిల్టర్‌కు అతుక్కుంటోంది. మా అమ్మయితే "చేపలకు వాషింగ్ మెషిన్ పెట్టినవారా?" అంటోంది. నీళ్లు మాత్రం ఇంకా తెల్లగానే ఉన్నాయి. ఇంకా పెద్దది కొనాలా?

పాలమూరు_చేపలు:
అయ్యో, వద్దు తమ్మీ. 60, 30, 30 సెంటీమీటర్లు గుణించి వెయ్యితో భాగిస్తే 54 లీటర్లు, గులకరాళ్లు, పైన వదిలే ఖాళీ పోను 45 అనుకో. మామూలు చేపలకు ట్యాంకు నీళ్లు గంటకు నాలుగైదు సార్లు తిరిగితే చాలు, గోల్డ్‌ఫిష్ బాగా గలీజు చేస్తాయి కాబట్టి ఎనిమిది, తొమ్మిది సార్లు వేసుకున్నా గంటకు 400 లీటర్ల దగ్గర ఆగుతుంది. నీది 20 సార్లు దాటింది. డబ్బా మీద అంకె స్పాంజి లేకుండా ఉత్త మోటరుతో కొలిచింది, ఇంట్లో అంత రాదు, అయినా ఎక్కువే. కొన్నది పారేయకు, నాబ్ ఉంటే సగానికి తిప్పి నీళ్లు బయటికొచ్చే మూతిని అద్దం వైపు పెట్టు, జోరు విరుగుతుంది. పైన నీళ్లు కొంచెం కదులుతుండాలి, మన ఎండలకు నీళ్లు వేడెక్కితే అందులో ఆక్సిజన్ తగ్గుతుంది.

మిర్యాలగూడ_ట్యాంక్:
బలం సంగతి సరే, స్పాంజి ఎట్లా కడుగుతున్నావు?

గప్పీ_నల్గొండ:
ప్రతి ఆదివారం నల్లా కింద పెట్టి, బ్రష్‌తో, తెల్లగా వచ్చేదాకా. నీళ్లు కూడా మొత్తం మారుస్తాను. తప్పా?

మిర్యాలగూడ_ట్యాంక్:
దొరికింది దొంగ! చేపల మలం, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా పుడుతుంది, దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది ఆ స్పాంజిలోనే. నువ్వు వారానికోసారి క్లోరిన్ కలిసిన మిషన్ భగీరథ నల్లా నీళ్లతో వాటిని తోమి పారేస్తున్నావు. ఆ తెల్లదనం మట్టి కాదు, వేరే బ్యాక్టీరియా నీళ్లలో ఒక్కసారిగా పెరగడం, ఎంత బలమైన మోటరు పెట్టినా స్పాంజికి చిక్కదు. ఇకనుంచి వారానికి నాలుగో వంతు నీళ్లే తియ్యి, తీసిన ఆ నీళ్లలోనే స్పాంజిని రెండుసార్లు పిండి పెట్టేయ్. కొత్తగా పోసే నల్లా నీళ్లు ఒక రోజు బకెట్‌లో మూత లేకుండా ఉంచు. కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, అప్పటిదాకా మేత తగ్గించు.

బోరునీళ్ల_బాధితుడు:
నాది బోరు నీళ్లు, ఉప్పదనం, సున్నం రెండూ. నా 600 లీటర్ల ఫిల్టర్ ఆర్నెల్లకే బొట్లు బొట్లుగా రావడం మొదలైంది, బలం పోయిందని కొత్తది కొనబోయాను. విప్పి చూస్తే లోపల తిరిగే చిన్న రెక్క మీద గోరుతో గీకితే రాలే తెల్ల పొర. వెనిగర్‌లో అరగంట నానబెట్టి మంచినీళ్లతో కడిగి పెడితే మళ్లీ మొదటిలా కొట్టింది. ఇంకోటి, ఫైటర్‌ను వేరే ట్యాంకులో పెట్టు, గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టర్ దానికి చాలు. గోల్డ్‌ఫిష్ పెరిగాక ఈ ట్యాంకు వాటికే సరిపోదు.

మిర్యాలగూడ_ట్యాంక్:
అవును, పాత ఫిల్టర్ స్పాంజి ఉంటే కొత్తదాని పక్కనే ట్యాంకులో వేసెయ్, ఎంతో కొంత బ్యాక్టీరియా మిగిలి ఉంటుంది.

గప్పీ_నల్గొండ:
అది కడిగి డాబా మీద ఎండబెట్టిన అన్నా. నాలుగు రోజులైంది.

మిర్యాలగూడ_ట్యాంక్:
అయితే ఇవాళ్టి నుంచి ఆరు వారాలు లెక్కబెట్టుకో.