మధ్యాహ్నం నీడ డిసెంబరులో ఎందుకింత సాగుతుంది?

ప్రశ్న: మేడ మీద కుండీలు పెట్టాను. జూన్‌లో మిట్టమధ్యాహ్నం వాటి నీడ మొదట్లోనే ముడుచుకునేది. ఇప్పుడు అదే వేళకి ఉత్తరపు పిట్టగోడ ఎక్కుతోంది, పుదీనాకి ఎండే లేదు. చలికాలంలో సూర్యుడు దూరమవుతాడా?

జవాబు 1: దూరం కాదండీ. భూమి సూర్యుడికి బాగా దగ్గరయ్యేది జనవరి మొదట్లోనే! అసలు కారణం భూమి అక్షానికి ఉన్న 23.4 డిగ్రీల వాలు. 40 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో మీటరు కర్ర నిలబెడితే మధ్యాహ్నం నీడ జూన్ 21న 30 సెంటీమీటర్లు, డిసెంబరు 21న రెండు మీటర్లు. డిసెంబరులో సూర్యుడు కిందుగా, చిన్న దారిలో పోతాడు కాబట్టి పగలూ తగ్గుతుంది.

జవాబు 2: పగటి నిడివి చకచకా మారేది మార్చి, సెప్టెంబరుల్లో. డిసెంబరు చివర్లో దాదాపు కదలదు. పుదీనాని మిగతా కుండీలకి దక్షిణం వైపుకి జరపండి, ఫిబ్రవరి దాకా టెన్షన్ ఉండదు.