డొరొతీ ఆర్జ్‌నర్ సినిమాల్లో ఎడిటర్ చేయి ఎక్కడ కనిపిస్తుంది?

పాత హాలీవుడ్ సినిమాలు శ్రద్ధగా చూసినవారి సాయం కావాలి. స్క్రిప్టులు టైపు చేసే పనితో స్టూడియోలో చేరి ఎడిటరైన డొరొతీ ఆర్జ్‌నర్, 1922లో వాలెంటినో నటించిన ‘బ్లడ్ అండ్ శాండ్’ ఎద్దుల పోరులో వేరేచోట తీసిన ఫిల్మును అద్భుతంగా అతికారు. 1927లో దర్శకురాలయ్యారు. ‘ది వైల్డ్ పార్టీ’లో నటి క్లారా బో స్వేచ్ఛగా కదిలేందుకు మైకును గాలపు కర్రకు కట్టించారన్న కథ అందరూ చెబుతారు. నాకు కావలసింది వేరు. కత్తెర పట్టిన అనుభవం ఆమె షాట్ల ఎంపికను ఎలా మార్చింది? ‘క్రిస్టఫర్ స్ట్రాంగ్’ (1933), ‘డాన్స్, గర్ల్, డాన్స్’ (1940)లలో దేన్ని ముందు చూడాలి? ఏ సన్నివేశాల్ని ఆపి ఆపి గమనించాలి? ఇంతటి మనిషి 1943 తర్వాత మరో హాలీవుడ్ చిత్రం తీయలేదంటే మనసు ఒప్పుకోవడం లేదు. కారణాలను లోతుగా చర్చించిన పుస్తకమేదైనా ఉంటే దయచేసి చెప్పండి.