లూకా 12లోని ధనవంతుడి తప్పేంటి? పొదుపుకీ లోభానికీ మధ్య గీత ఎక్కడ?

ఆవగింజ:
అందరికీ వందనాలండి. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక యూత్‌కి గంటసేపు బైబిల్ స్టడీ ఉంది. అంశం ధనాపేక్ష, వాక్యభాగం లూకా 12:13–21. పంట ఎక్కువై, పెద్ద కొట్లు కట్టి దాచుకుని సుఖపడదామనుకున్న ధనవంతుణ్ని దేవుడు "వెర్రివాడా" అని, ఆ రాత్రే ప్రాణం అడిగిన ఉపమానం అది. వచ్చేవాళ్లలో చాలామంది కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లు. చిట్టీలు కడుతున్నారు, ప్లాటు కొనాలని చూస్తున్నారు. "ఆయన పంట దాచుకున్నాడు, మేం జీతం దాచుకుంటున్నాం. మరి మేమూ వెర్రివాళ్లమేనా?" అని తప్పకుండా అడుగుతారు. ఏదో ఒకటి చెప్పి దాటేయడం నాకిష్టం లేదు. వాక్యం దేన్ని తప్పంటుంది? ఇంట్లో లెక్క ఎలా వేసుకోమని చెప్పాలి?

ద్రాక్షతీగె:
వందనాలు బ్రదర్. చాలామంది 16వ వచనం నుంచి ఎత్తుకుంటారు. మీరు 13 దగ్గరే ఆగండి. అది అన్నదమ్ముల ఆస్తి తగాదా. "పిత్రార్జితములో నాకు పాలు పంచిపెట్టవలెనని" అడిగినవాడి వాటా న్యాయమైనదే అయ్యుండొచ్చు. అయినా యేసు హెచ్చరించింది లోభం గురించే. న్యాయంగా రావాల్సిన సొమ్ము మీద కూడా లోభం పుడుతుందన్నమాట.

లోభానికి ఇక్కడి గ్రీకు మాట ప్లెయొనెక్సియా, ఉన్నదానికంటే ఇంకా కావాలనే యావ. 1 తిమోతి 6:10లోది వేరే మాట, ఫిలార్గురియా. దానికి వెండి మీద ప్రేమ అని అర్థం. మన తెలుగు బైబిలు కొలొస్సయులకు 3:5లో మొదటి మాటను కూడా "ధనాపేక్ష" అనే అంది కాబట్టి రెండూ ఒకటే అనిపిస్తాయి. ఆ వచనంలోనే దాన్ని విగ్రహారాధన అన్నాడు పౌలు. ఇది వదలకండి.

ఇక ఉపమానాన్ని ఒకరి చేత గట్టిగా చదివించి, మిగతావాళ్లను "నా" ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టమనండి. నా పంట, నా కొట్లు, నా ధాన్యము, నా ఆస్తి, నా ప్రాణము. అసలు పండించింది భూమి. "ధనవంతుని భూమి సమృద్ధిగా పండెను" అనే ఉంది. ఆయన ఆలోచనలో కూలివాడు లేడు, పొరుగువాడు లేడు, దేవుడు లేడు. సలహా అడిగిందీ తననే, జవాబు చెప్పుకున్నదీ తనకే. 20వ వచనంలో "నీ ప్రాణము నడుగుచున్నారు" అన్నచోట గ్రీకు క్రియకు ఇచ్చినదాన్ని తిరిగి అడగడం అని అర్థం, బాకీ అడిగినట్టు. లూకా 6:30లో "మరల అడుగవద్దు" అన్నదీ అదే క్రియ. నాది నాది అన్నవాటిలో చివరిది, ప్రాణమే, అప్పుగా తేలింది.

దాచడం తప్పయితే యోసేపూ తప్పు చేసినట్టే. ఐగుప్తులో కరవు రాకముందు ఏడేళ్లపాటు పంటలో అయిదో భాగం దాచాడు (ఆదికాండము 41:34). తెలుగులో ఒక చక్కని పోలిక ఉంది చూడండి. ఈ ధనవంతుడు "నా కొట్లు విప్పి" ఇంకా పెద్దవి కడతానన్నాడు, యోసేపు కరవులో "కొట్లన్నియు విప్పించి" జనానికి ధాన్యం అమ్మాడు. మొదటిది కూలగొట్టడం, రెండోది తెరవడం. దాచింది ఎవరి కోసం తెరుస్తాం అన్నదే మీవాళ్లకు వేయాల్సిన ప్రశ్న.

సీలోహు:
లెక్క సంగతి నేను చెప్తాను. 18వ శతాబ్దంలో ఇంగ్లండులో మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన జాన్ వెస్లీ తన ప్రసంగంలో ఒక ఆక్స్‌ఫర్డ్ మెథడిస్టు గురించి చెప్పాడు. అది ఆయన సొంత లెక్కేనని చాలామంది అంటారు. మొదటి ఏడు రాబడి 30 పౌన్లు, ఖర్చు 28, ఇచ్చింది 2. తర్వాతి ఏడు రాబడి 60, ఖర్చు మళ్లీ 28, ఇచ్చింది 32. మూడో ఏడు 90 వస్తే 62, నాలుగో ఏడు 120 వస్తే 92 ఇచ్చాడు. మెదక్ ప్రాంతపు సంఘాలు ఆ వెస్లీ పేరిట నడిచిన వెస్లియన్ మిషన్‌లో పుట్టినవే కాబట్టి మనకిది బయటి ముచ్చట కాదు.

దీన్ని మన జీతాలకు వేద్దాం. జీతం 40,000. దశమభాగం 4,000 పోగా 36,000లో ఇల్లు, పొదుపు. ఇంక్రిమెంట్‌తో 46,000 అయిందనుకోండి. పదో వంతుతో సరిపెడితే కానుక 600 పెరుగుతుంది, మిగతా 5,400 ఎటు పోయిందో తెలియదు. అలా కాకుండా, పెరిగిన 6,000లో 2,000 ధరల పెరుగుదలకు, 4,000 ఇవ్వడానికి అని జీతం పడకముందే రాసుకోవాలి. పడ్డాక ఆలోచిస్తే ఈఎంఐ ముందే మింగేస్తుంది.

తప్పు జరిగేది మూడు చోట్ల. మొదటిది, అమ్మానాన్నల మందుల ఖర్చు ఎగ్గొట్టి చందా రాయడం. మార్కు 7:11లో "కొర్బాను", అంటే ఇది దేవునికి అర్పితం, అన్నవాళ్లు చేసింది అదే. రెండోది, అప్పు చేసి కానుక వేయడం. "శక్తికి మించి కాదు గాని కలిమి కొలదియే" అని 2 కొరింథీయులకు 8:12లో స్పష్టంగా ఉంది. మూడోది, ఖర్చుకు ఒకసారి గీసుకున్న హద్దును మళ్లీ చూడకపోవడం. పిల్లల ఫీజులు వచ్చాక 36,000 చాలదు. ఏడాదికోసారి భార్యాభర్తలు కలిసి కూర్చుని మార్చుకోవాలి.

ఆవగింజ:
చాలా మేలు చేశారండి. ఇంకో రెండు. చిట్టీ, ప్లాటు గురించి ఏం చెప్పను? కానుక ఇస్తే డబ్బు తిరిగొస్తుందని, "విత్తనం వేస్తే నూరంతలు" అనే బోధ విన్నవాళ్లు 3 యోహాను 2 చూపిస్తారు, దానికేం చెప్పాలి?

ద్రాక్షతీగె:
3 యోహాను 2లో అన్ని విషయాల్లో వర్ధిల్లాలని ఉన్నది గాయియుకు రాసిన ఉత్తరంలో క్షేమం కోరే మాట. మనం "అక్కడ అందరూ క్షేమమని తలుస్తాను" అని రాసేవాళ్లం, అలాంటిది. దాన్ని వాగ్దానంగా మార్చకూడదు. పదియవ భాగం తెస్తే దీవెన కుమ్మరిస్తానన్న మలాకీ 3:10 చూపిస్తే "ఆహారముండునట్లు" అన్న మాట చదివించండి. ఆ పదియవ భాగం మందిర సేవ చేసే లేవీయుల తిండికి. మూడేళ్లకోసారి పరదేశికి, తండ్రిలేనివాడికి, విధవరాలికి కూడా (ద్వితీయోపదేశకాండము 14:28–29). పెట్టుబడికి లాభం చూపించడానికి కాదు.

చిట్టీ మంచి పొదుపే. కొత్త ఫోను కోసం మొదటి నెలల్లోనే పెద్ద మొత్తం వదులుకుని పాడుకోవడమే యావ. ఉండడానికి ప్లాటు కొనడం వేరు, ధర పెరుగుతుందని ఒకదాని పక్కన ఒకటి కొనుక్కుంటూ పోవడం వేరు. యెషయా 5:8 "ఇంటికి ఇల్లు కలుపుకొని పొలమునకు పొలము చేర్చుకొను" వారికి శ్రమ అంటుంది.

గంటలో 15 నిమిషాలు తగాదాకి, 20 ఉపమానానికి, 15 ప్రశ్నలకు ఇవ్వండి. చివరి 10 నిమిషాలు ఒక్కొక్కరికి కాగితం ఇచ్చి రాబడి, ఖర్చు, హద్దు రాసుకోమనండి. ఆ కాగితాలు మీరు తీసుకోకండి, చూడకండి. మీరు చూస్తారని తెలిస్తే నిజం అంకెలు రాయరు.