అప్‌డేట్: ‘హిండర్’ అంటే పని ఆగిపోవడం కాదు

ఇంగ్లిష్‌లోని ‘రెయిన్ హిండర్డ్ ద వర్క్’ అన్నదాన్ని తెలుగులో ‘వర్షం పనులను అడ్డుకుంది’ అని రాయవచ్చా అన్నది నా ప్రశ్న. జవాబులన్నీ చూశాక తేలింది: రాయకపోవడమే మంచిది. అడ్డుకుంది అంటే పని ఆగినట్టే వినిపిస్తుంది, అది ‘ప్రివెంట్’. హిండర్‌లో పని నడుస్తూనే ఉంటుంది, కాకపోతే ఈడ్చుకుంటూ. ‘వర్షంతో పనులు కుంటుపడ్డాయి’ అంటే చక్కగా అతుకుతుంది.

ఇలాంటిదే మరో మాట ‘అబ్‌స్ట్రక్ట్’ (అడ్డుపడటం). దాని సంగతికి భారతీయ న్యాయ సంహిత 126వ సెక్షన్ చూడండి, పాత ఐపీసీలో 339. వెళ్లే హక్కున్న దిక్కుకు వెళ్లనీయకుండా ఒకరికి అడ్డుపడటం అన్న ఆ నిర్వచనంలో అబ్‌స్ట్రక్ట్, ప్రివెంట్ రెండూ పక్కపక్కనే ఉంటాయి. అడ్డుపడటం చేసిన పని, వెళ్లలేకపోవడం దాని ఫలితం.

ఇదే కోవలోని ‘ఇంపీడ్’ (ముందుకు సాగనీయకపోవడం) పుట్టింది లాటిన్‌లో పాదం అనే మాట నుంచి. మన ‘ముందరి కాళ్లకు బంధం’ అచ్చం అదే!

ఇక మనం ఎక్కువగా జారేది ఇక్కడ. ‘హిండర్డ్ హిమ్ టు వర్క్’ తప్పు, ‘హిండర్డ్ హిమ్ ఫ్రమ్ వర్కింగ్’ ఒప్పు. ‘పని చేయడానికి అడ్డుపడ్డాడు’లోని ‘-డానికి’యే మనల్ని ‘టు’ వైపు లాగుతుంది. ‘పని చేయకుండా’ అని మనసులో అనుకుంటే ‘ఫ్రమ్’ దానంతటదే వస్తుంది. నామవాచకం ‘హిండ్రన్స్’; స్పెల్లింగ్‌లో ‘డి’ తర్వాతి ‘ఇ’ ఎగిరిపోతుంది.