పాత సెయిల్‌బోటు డెక్ మీద సామాను ఊడొస్తోంది, లావు స్క్రూలు వేస్తే ఆగుతుందా?

సాగర్‌గాలి
అందరికీ నమస్తే. మాది నాగార్జునసాగర్ హిల్ కాలనీ. హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర పాత ఎంటర్‌ప్రైజ్ రకం చిన్న సెయిల్‌బోటు కొన్నా, డెక్ (బోటు పైతలం) ప్లైవుడ్‌ది. తెరచాపలు బాగానే ఉన్నాయి కానీ డెక్ మీది సామానంతా అరిగిపోయింది. జిబ్ (ముందువైపు చిన్న తెరచాప) తాడును పళ్ల మధ్య పట్టి ఉంచాల్సిన కామ్ క్లీట్, గాలి కొంచెం పెరిగితే చాలు వదిలేస్తోంది. ఎడమవైపు ఫెయిర్‌లీడ్ (తాడుకు దారి చూపే కడియం) పట్టుకుని ఊపితే స్క్రూలతో సహా పైకి లేస్తోంది, చుట్టూ నల్లటి మరక కూడా ఉంది. ఇంకాస్త లావు స్క్రూలు వేసి ఎం-సీల్ పెట్టేద్దామనుకుంటున్నా. జులై గాలుల్లోపు నీళ్లలో దింపాలి. సామాను మిర్యాలగూడలో దొరుకుతుందా?

పాతబోటు
తమ్ముడూ, ఎం-సీల్ పక్కన పెట్టు. ఆ మరక చూస్తే స్క్రూ సందులోంచి నీళ్లు దిగి లోపల ప్లై పుచ్చినట్టుంది. పుచ్చిన చెక్కలో ఎంత లావు స్క్రూ వేసినా నిలవదు. స్క్రూడ్రైవర్ పిడితో డెక్ అంతా తట్టుకుంటూ పో, టక్‌మంటే గట్టిది, డబ్‌మని మొద్దుగా మోగితే అక్కడ పెన్సిల్‌తో గీత గియ్యి. స్క్రూ రంధ్రంలో సన్న డ్రిల్ బిట్ తిప్పి వచ్చే పొట్టు చూడు. తెల్లగా, పొడిగా ఉంటే బతికిపోయావ్. నల్లగా తడిముద్దలా వస్తే మెత్తబడిందంతా తవ్వి, బాగా ఆరనిచ్చి, కింద టేపు వేసి, సిలికా పొడి కలిపిన చిక్కటి ఎపాక్సీతో నింపు. గట్టిపడ్డాక దాని మధ్యలోంచే బోల్టు సైజుకు డ్రిల్ చెయ్యి, ఇక పక్క నుంచి నీళ్లు దిగినా చెక్కకు తగలవు. అరచేయంత మేర పోయుంటే మాత్రం ఆ ముక్క కోసి కొత్త మెరైన్ ప్లై వేయాల్సిందే. మన నల్లగొండ ఎండల్లో మధ్యాహ్నం ఎపాక్సీ కలిపితే గిన్నెలోనే ఉడికి పొగలొస్తది, తెల్లారగట్ల కొంచెం కొంచెం కలుపుకో.

మిర్యాలగూడ లేత్
అన్న చెప్పింది కరెక్ట్. స్క్రూలు కాదు, అవతలికి దిగే బోల్టులు వేయండి. కింద ఉత్త వాషర్ పెడితే తాడు గుంజినప్పుడు చెక్కలోకి దిగిపోతుంది, ఫెయిర్‌లీడ్ కంటే వెడల్పున్న అల్యూమినియం పట్టీ వేయండి. సాగర్‌వి మంచినీళ్లే కాబట్టి 304 గ్రేడు స్టెయిన్‌లెస్ చాలు, సముద్రానికైతే 316 కావాలి. స్టెయిన్‌లెస్ నట్టును మెషిన్‌తో గబగబా బిగిస్తే మరలు పట్టేసుకుంటాయి, తర్వాత కోయడమే గతి. గ్రీజు రాసి పానాతో నెమ్మదిగా తిప్పండి. సీలింగ్‌కు బాత్రూం సిలికాన్ వద్దు, అది అంటిన చోట పెయింటు కూడా పట్టదు. కారు అద్దాలకు వేసే పాలీయురేతేన్ వాడొచ్చు.

ట్యాంక్‌బండ్
పాలీయురేతేన్‌కు నేను ఒప్పుకోను. రేపు విప్పాలంటే డెక్ పొర కూడా లేచొస్తుంది. బ్యూటైల్ టేపు (జిగటగా ఉండే మెత్తటి రబ్బరు టేపు) మేలు. రంధ్రం పై అంచును కౌంటర్‌సింక్ బిట్‌తో కొంచెం చెక్కి, బోల్టు మెడకు టేపు చుట్టి దించండి. పైన ఒకరు బోల్టు తల కదలకుండా పట్టుకోవాలి, కింద నట్టునే తిప్పాలి. బోల్టు తిరిగిందా, సీలు తెగినట్టే.

క్లీట్ కొనేముందు తాడు మందం చూసుకోండి, సన్న తాడైతే కొత్త క్లీట్‌లోనూ జారుతుంది. రంధ్రాల మధ్య దూరం కూడా కొలవండి, ఎక్కువగా 27, 38 మిల్లీమీటర్లలో వస్తాయి. బోల్టులు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో బోలెడు, క్లీట్లు మాత్రం ఆన్‌లైనే.

అన్నిటికంటే ముందు, మాస్ట్ (తెరచాప కట్టే స్తంభం) వైర్లు డెక్‌కు కలిసే చోటున్న చైన్‌ప్లేట్లు విప్పి చూడండి. క్లీట్ పోతే తాడు జారుతుంది, అవి పోతే మాస్ట్ నెత్తిన పడుతుంది! స్టెయిన్‌లెస్ అయినా గాలి తగలని తడిలో లోలోపల తుప్పు తింటుంది. సన్నటి ఎర్రగీత కనిపించినా మార్చేయండి.

సాగర్‌గాలి
తట్టి చూశా. కుడివైపు గట్టిగానే ఉంది, ఎడమవైపు పొట్టు నల్లగా వచ్చింది, కానీ అరచేయంత లేదు. చైన్‌ప్లేట్లు రేపు విప్పుతా. ఇంకో టెన్షన్ ఏంటంటే ఫెయిర్‌లీడ్ కింద పాత ఓనరు మూయించిన గాలి పెట్టె (బోటు తేలడానికి ఉండేది) ఉంది, చేయి పోదు. నట్టు ఎలా పెట్టాలి?

పాతబోటు
పెట్టె నిలువు గోడకు చేయి పట్టేంత గుండ్రటి హ్యాచ్ కోసి, మరలున్న మూత బిగించు. డెక్ మీద కోయకు, అక్కడ తొక్కుతారు. ఒడ్డున ఉన్నప్పుడు మూత తీసి పెడితే లోపలి తేమ ఆరుతుంది. నీళ్లలోకి పోయేటప్పుడు మాత్రం బిగించడం మర్చిపోకు, బోటు బోల్తా పడిందంటే ఆ పెట్టె నిండిపోయి మళ్లీ లేపలేవు.