కొల్నాగో అని కొన్న పాత ఫ్రేము: అసలుదేనా?

ప్రశ్న (పాతచక్రం)

నేను మిలాన్‌లో ఉంటున్నాను. నవీల్యో గ్రాందే కాలువ ఒడ్డున నెలనెలా చివరి ఆదివారం జరిగే పాత వస్తువుల సంతలో 180 యూరోలకు ఒక రోడ్డు సైకిలు ఫ్రేమును, ఫోర్కుతో సహా కొన్నాను. అమ్మినాయన అది 1980ల నాటి కొల్నాగో (ఇటలీ సైకిళ్ల కంపెనీ) అని చెప్పాడు. కింది గొట్టం మీద ఆ పేరు, ముందు గొట్టం మీద ఆ కంపెనీ చిహ్నమైన పేకముక్కల్లోని కళావరు గుర్తు స్టిక్కర్ల రూపంలో ఉన్నాయి. అయితే ఎర్ర రంగు మరీ కొత్తగా ఉంది, లగ్గుల (గొట్టాలను కలిపే లోహపు తొడుగుల) అంచుల్లో మందంగా పేరుకుపోయి ఉంది, ఒక స్టిక్కరు కాస్త వంకరగా కూడా అతికించి ఉంది.

వెర్నియరుతో కొలిస్తే బాటమ్ బ్రాకెట్ షెల్ (పెడళ్ల ఇరుసు కూర్చునే గొట్టం) వెడల్పు 70 మి.మీ., వెనుక చక్రం కూర్చునే సందు 126 మి.మీ. వచ్చాయి. ఫ్రేములోనే ఉండిపోయిన సీటుపోస్టు మీద 27.2 అని ఉంది. వెనుక డ్రాపవుట్ల (చక్రం ఇరుసు కూర్చునే కొసల) మీద సైకిలు విడిభాగాల కంపెనీ కాంపన్యోలో పేరు అచ్చుపడి ఉంది. బాటమ్ బ్రాకెట్ అడుగున 56 అనే అంకె తప్ప వేరే నంబరేదీ కనిపించలేదు. దీనితో ఎరోయికాలో (పాత సైకిళ్ల మీద సాగే ఇటలీ సైకిలు యాత్రలో) పాల్గొనాలని ఆశ. ఇది నిజంగా కొల్నాగోయేనా, ఏ కాలం నాటిది, తేల్చుకోవడానికి రంగంతా గీకించాలా అన్న మూడు విషయాలు తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (వెర్నియరు)

దయచేసి రంగు గీకించకండి, కనీసం ఇప్పుడే వద్దు. ముందు మీరు తీసిన కొలతలు ఏం చెబుతున్నాయో, ఏం చెప్పడం లేదో చూద్దాం.

ఇటలీ పద్ధతిలో బాటమ్ బ్రాకెట్ షెల్ వెడల్పు 70 మి.మీ., మర వ్యాసం 36 మి.మీ., అంగుళానికి 24 చుట్లు, రెండు వైపులా కుడి మరే. ఇంగ్లీషు పద్ధతిలో వెడల్పు 68 మి.మీ., మర వ్యాసం 1.37 అంగుళాలు, గొలుసు వైపు ఎడమ మర. మర అరిగిపోయిన ఇంగ్లీషు షెల్‌ను కాస్త పెద్దది చేసి ఇటలీ మర కోయడం మరమ్మతు చేసేవారికి మామూలే కనుక, మరనూ వెడల్పునూ కలిపి చూడాలి. 68 వెడల్పులో 36 మర కనిపిస్తే అనుమానించాలి. మీది 70 కాబట్టి, ఇరువైపులా మరతో బిగించిన బేరింగు కప్పులు విప్పినప్పుడు రెండు వైపులా కుడి మరే ఉంటే, ఫ్రేము ఇటలీ పద్ధతిదేనని నమ్మవచ్చు. దాంతో తయారీదారు పేరు మాత్రం తేలదు.

సీటుపోస్టు కొలత ఇంకాస్త ముందుకు తీసుకువెళుతుంది. ఆ కాలపు సీటు గొట్టం బయటి వ్యాసం 28.6 మి.మీ. ఇటలీ గొట్టాల కంపెనీ కొలంబస్ వారి ఎస్ఎల్ రకంలో ఆ గొట్టం పైభాగం మందం 0.6 మి.మీ. రెండు గోడలకు 1.2 తీసివేస్తే లోపల 27.4 మిగులుతుంది, అందులో 27.2 పోస్టు సరిగ్గా దిగుతుంది. కాస్త బరువైన ఎస్పీ రకంలో మందం 0.7 కనుక 27.0 పోస్టు పడుతుంది, చవక గొట్టాల్లో ఇంకా సన్ననిది. మీ పోస్టు ఊగకుండా, ఇరుక్కోకుండా దిగుతుంటే గొట్టం మేలురకమే. అంకెను మాత్రం నమ్మకండి, పోస్టును బయటికి తీసి కొలవండి. 26.8 పోస్టును బిగించి బిగించి లగ్గు చెవులు దగ్గరపడిన ఫ్రేములు నేను రెండు చూశాను.

126 సందు 6 లేదా 7 గేర్ల కాలానిది. అంతకుముందు 5 గేర్లకు 120 ఉండేది, 8 గేర్లు వచ్చాక 130 అయింది. పాత ఫ్రేముల్లో వెనుక చక్రానికి ఇరువైపులా ఉండే కాళ్లను సాగదీసి 126 చేసినవీ ఉంటాయి కనుక దానికి వేరే సాక్ష్యం తోడు కావాలి. గేరు కేబుళ్లు బాటమ్ బ్రాకెట్ పైనుంచి పోతున్నాయా, అడుగునుంచా? వెనుక బ్రేకు బోల్టుకు బయట నట్టు వస్తుందా, వెనుక కాళ్లను కలిపే వంతెన లోపలికి దిగే అలెన్ నట్టు వస్తుందా? నీటి సీసాకు మర రంధ్రాలు ఒక జతా, రెండు జతలా? అడుగునుంచి కేబుళ్లు, లోపలికి దిగే నట్టు, రెండు జతల రంధ్రాలు, 126 సందు, ఈ నాలుగూ కలిస్తే అది చాలావరకు 1980ల ఫ్రేమే.

కాంపన్యోలో డ్రాపవుట్లను మాత్రం లెక్కలోకి తీసుకోకండి. అవి అనేక దేశాల్లోని ఫ్రేము తయారీదారులు కొని వాడుకున్న విడిభాగాలు.

జవాబు (లగ్గులపిచ్చి)

పై మాటలన్నీ సరైనవే. అసలు ప్రశ్న కొల్నాగో కనుక దాని గురించి చెబుతాను. కాంబియాగో అనే ఊళ్లో ఎర్నెస్తో కొల్నాగో కార్ఖానాలో తయారైన ఆ కాలపు మేలురకం ఫ్రేముల్లో కళావరు గుర్తు కేవలం స్టిక్కరు కాదు, లోహంలోనే ఉంటుంది. లగ్గుల్లో, బాటమ్ బ్రాకెట్ షెల్‌లో, ఫోర్కు తలలో దాన్ని కోసి గానీ చెక్కి గానీ ఉంచేవారు. మళ్లీ రంగు వేసేటప్పుడు ఆ గుంటలు నిండిపోయి కంటికి కనిపించకపోవచ్చు. అందుకని చీకటి గదిలో టార్చిని లోహానికి ఆనించి అడ్డంగా వెలుగు పడేలా పెట్టి చూడండి, నున్నగా ఉన్న రంగు కింద కూడా గుంట నీడ తెలుస్తుంది. నంబరు లేకపోవడం వల్ల అది కొల్నాగో కాదని అనలేము, అవునని కూడా అనలేము. 56 బహుశా ఫ్రేము సైజు, సీటు గొట్టాన్ని కొలిచి సరిచూసుకోండి.

ఇంకొక మాట. ఫోర్కు బయటికి తీసి స్టీరరు గొట్టం (ఫ్రేము ముందు గొట్టంలోకి దూరే ఫోర్కు పైభాగం) కింది కొస లోపలికి వేలు పోనివ్వండి. మేలురకం కొలంబస్ స్టీరర్లలో అక్కడ ఐదు మెలికల గట్లు తగులుతాయి. గొట్టం మీద కొలంబస్ చిహ్నమైన పావురం ముద్ర కూడా ఉండవచ్చు. తేలిగ్గా చేయగల పరీక్షల్లో నేను అన్నిటికంటే నమ్మేది ఇదే, ఎందుకంటే స్టిక్కర్లు అతికించినంత సులువుగా ఆ గట్లను ఎవరూ పుట్టించలేరు.

ప్రశ్నించినవారి తిరుగుమాట (పాతచక్రం)

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి కూర్చుని అన్నీ విప్పాను. షెల్‌కు రెండు వైపులా కుడి మరే ఉంది. పోస్టు నిజంగానే 27.2, చేత్తో తోస్తే దిగింది. కేబుళ్లు అడుగునుంచి పోతున్నాయి, బ్రేకు నట్టు లోపలికి దిగేదే, సీసా రంధ్రాలు రెండు జతలున్నాయి. స్టీరరులో ఐదు గట్లూ వేలికి తగిలాయి.

కళావరు మాత్రం ఎక్కడా లేదు. టార్చి వెలుగులో ఫోర్కు తల పక్కన వేరే ఏదో నీడ కనిపిస్తే, వెదురు పుల్లతో అక్కడి రంగును మాత్రమే మెల్లగా తీశాను. రోమన్ లిపిలో మూడు అక్షరాలు బయటపడ్డాయి: జీ, పీ, టీ. వీటి అర్థం ఏమిటి?

జవాబు (లగ్గులపిచ్చి)

జొవాన్ని పినారెల్లో, త్రెవీజో (ఊరి పేరు). మీ ఫోర్కు పినారెల్లోది. 1951లో ఇటలీ చుట్టూ సాగే సైకిలు పందెం జీరో దితాలియాలో అందరికంటే చివర వచ్చి నల్ల జెర్సీ వేసుకున్న జొవాన్ని పినారెల్లోయే ఆ కంపెనీని స్థాపించాడు. మరుసటి ఏడాది జట్టులో తన చోటు వదులుకున్నందుకు ఇచ్చిన లక్ష లీరాలతో త్రెవీజోలో వ్యాపారం మొదలుపెట్టాడు. అటువంటి పేరును రంగు కింద దాచి దానిపై మరొకరి స్టిక్కరు ఎందుకు అతికించారో నాకు అంతు పట్టడం లేదు. కొల్నాగో అంటే తొందరగా అమ్ముడుపోతుందనుకున్నారేమో.

జవాబు (వెర్నియరు)

తొందరపడవద్దు. ఫోర్కు మీది గుర్తు ఫోర్కు గురించి మాత్రమే సాక్ష్యం చెబుతుంది. ఢీకొట్టినప్పుడు మొదట వంగేది ఫోర్కే కాబట్టి, పాత సైకిళ్లలో తరచుగా మారిపోయేది కూడా అదే. స్టీరరు పొడవు ముందు గొట్టానికీ హెడ్‌సెట్‌కూ (ఆ గొట్టం రెండు కొసల్లోని బేరింగులకు) కలిపి సరిపోతోందా, లేక పైన వాషర్లు పేర్చి సరిపెట్టారా చూడండి. తర్వాత ఫ్రేము మీదనే రెండవ గుర్తు వెతకండి. వెనుక కాళ్లు సీటు లగ్గును కలిసే చోట ఉండే మూతలను, వెనుక బ్రేకు వంతెనను అదే వెదురు పుల్లతో పరీక్షించండి.

ప్రశ్నించినవారి తిరుగుమాట (పాతచక్రం)

స్టీరరు సరిగ్గా సరిపోయింది, అదనపు వాషరు ఒక్కటీ లేదు. ఎడమ వైపు మూత మీద రంగు తీస్తే పినారెల్లో అన్న పేరులోని మొదటి నాలుగు అక్షరాలు కనిపించాయి. మిగిలినవి తీయకుండా ఆగాను.

జవాబు (వెర్నియరు)

అయితే ఫోర్కూ ఫ్రేమూ ఒకే ఇంటివి, ఇక వెతకనక్కరలేదు. ఎరోయికాకు 1987 వరకు తయారైన రోడ్డు సైకిళ్లను అనుమతిస్తారు. మీరు చెప్పిన వివరాలు ఆ గడువుకు అడ్డు రావడం లేదు. ఫ్రేము ఒక్కటే చాలదు, గేరు మీటలు కింది గొట్టం మీదే ఉండాలి, పెడళ్లకు బొటనవేలి క్లిప్పులు, పట్టీలు ఉండాలి, బ్రేకు కేబుళ్లు హ్యాండిల్ టేపు కిందికి పోకుండా బయటికి వంపు తిరిగి కనిపించాలి. మిగిలిన రంగు గీకించకండి, ఆ కొల్నాగో స్టిక్కర్లు మాత్రం హెయిర్ డ్రయ్యరుతో వేడిచేస్తే ఊడివస్తాయి.